కాగితాల బొంత



మీ ఇంట్లో బొంత ఉండే ఉంటది. పాత చీరలు, చిరిగిన లుంగీలు, పిల్లలకు పొట్టివైన అంగీలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో కుట్టిన బొంత. ఒక ముక్క మీద వేలు పెట్టి "ఇదెక్కడిది?" అని అడగండి. మీ అత్తమ్మ వెంటనే చెబుతది. "ఇది నా పెండ్లినాటి చీర కొంగు. ఇది నీ పెనిమిటి బడికి పోయినప్పటి అంగీ. ఈ పచ్చ ముక్క మా అమ్మ చివరిసారి పెట్టిన చీర." బొంత చలికి కప్పుకునేదే. కానీ అందులో ఇంటి చరిత్ర కూడా ఉంది.

బొంతకు ఒక ఇబ్బంది ఉంది. చెప్పే మనిషి ఉన్నన్ని రోజులే అది మాట్లాడుతది. అత్తమ్మ పోయిన తర్వాత ఆ పచ్చ ముక్క ఎవరిదో మీ బిడ్డకు తెలియదు. బిడ్డ బిడ్డకు అసలే తెలియదు.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చినయి. పేరు రాస్తున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. అంకెలు కూడుతున్నారు. ఇక ఇంకో రకం బొంత కుట్టవచ్చు. ఒక నోటుపుస్తకం తీసుకుని, కాలం కాలానికి ఇంటి సంగతులు అందులో రాయడం. చిన్న చిన్న గుర్తులు అతికించడం. దీనికి ఇంటి పుస్తకం అని పేరు పెట్టుకుందాం.

మీలో చాలామంది మహిళా సంఘంలో ఉన్నారు. సంఘానికి తీర్మానాల పుస్తకం ఉంది. పొదుపు లెక్క పుస్తకం ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎంత కట్టారు, అన్నీ రాసి సంతకాలు పెడతారు. కిరాణా దుకాణంలో ఉద్దెర పుస్తకం ఉంటది. పాలాయన దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం ఉంటది. పది మందిని సాకే ఇంటికి మాత్రం పుస్తకం లేదు.

పుట్టిన తేది ఏది?

బడిలో పిల్లలను చేర్చుకునే రోజుల్లో ఈ ప్రశ్న వస్తది. వెనుకటి కాలంలో తల్లి ఇట్ల చెప్పేది: "బతుకమ్మ పండుగకు ముందు పుట్టిండు సారూ. అప్పుడు వానలు బాగా పడ్డయి." రిజిస్టరులో వాన రాయలేరు కదా. తేది కావాలె. అందుకని సారే జూన్ నెలలో ఒక తేది వేసేవారు. పాత రిజిస్టర్లు తిరగేసి చూడండి. ఊరి పిల్లల్లో ఎంతమంది జూన్‌లో పుట్టినట్టు ఉంటారో చూస్తే నవ్వొస్తది. పెద్దయ్యాక అదే తేది నౌకరీకి, పింఛనుకు, పెండ్లి వయసుకు లెక్క అయితది. అప్పుడు నవ్వు రాదు.

ఇప్పుడు పుట్టే పిల్లలకు ఆ కష్టం ఉండకూడదు. చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల లోపల నమోదు చేయించాలె. ఆ లోపల అయితే రుసుము లేదు. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆస్పత్రి వాళ్లే సమాచారం పంపుతారు. ఇంట్లో అయితే ఇంటి పెద్ద చెప్పాలె. 30 రోజులు దాటితే అధికారి అనుమతి కావాలె. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలె. బిడ్డకు పేరు ఇంకా పెట్టలేదని ఆగవద్దు. పేరు లేకుండానే నమోదు చేయవచ్చు. నమోదైన 12 నెలల లోపల పేరు రాయిస్తే దానికీ రుసుము లేదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు ఈ జనన ధ్రువపత్రమే ఆధారం.

అందుకే ఇంటి పుస్తకంలో మొదటి పేజీ పిల్లలది కావాలె. పుట్టిన తేది, వారం, పొద్దా రాత్రా, ఏ ఆస్పత్రి, ఎంత బరువు. అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎమ్ అక్క రాసే తల్లీ బిడ్డల కార్డు మీ దగ్గర ఉంటది. దానిలోని సూదుల తేదీలు కూడా చూసి రాయండి. ఇల్లు మారినప్పుడు కార్డు పోవచ్చు. పుస్తకంలో తేది ఉంటే మళ్లీ అడగడానికి దారి ఉంటది.

రెండో పేజీ పెద్దలది. ఇదే కష్టం. కానీ ఇందులోనే మజా ఉంది. అత్తమ్మకు తాను పుట్టిన తేది తెలియదు. ఆమెకు తెలిసిన పెద్ద సంగతులు అడగండి. మన జిల్లాలో ఏ ముసలమ్మను అడిగినా ఇందిరమ్మ యాదికి ఉంటది. 1980లో ఇందిరాగాంధీ మన మెదక్ నుంచే ఎంపీగా గెలిచింది. 1984 అక్టోబర్ 31న చనిపోయింది. "ఇందిరమ్మను చంపిన ఏడు మా పెద్దోడు పాకుతున్నడు" అని అత్తమ్మ అన్నదనుకోండి. పాకే పిల్లవానికి ఏడెనిమిది నెలలు ఉంటయి. అంటే 1984 మొదట్లో పుట్టి ఉంటడు. చూశారా, లెక్క దొరికింది.

ఇట్లాంటి గుర్తులు ఇంకొన్ని ఇస్తున్న. మీ పుస్తకం వెనుక అట్ట లోపల రాసి పెట్టుకోండి.

1996 జనవరి 18 – ఎన్టీఆర్ చనిపోయిన రోజు.
2009 సెప్టెంబర్ 2 – వైఎస్ రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ కూలిన రోజు.
2014 జూన్ 2 – తెలంగాణ వచ్చిన రోజు.
2014 ఆగస్టు 19 – సమగ్ర కుటుంబ సర్వే. అందరం ఇంటికాడే ఉన్న రోజు.
2016 నవంబర్ 8 – పెద్ద నోట్లు రద్దు చేసిన రాత్రి.
2020 మార్చి 22 – కరోనాకు జనతా కర్ఫ్యూ. మూడు రోజులకే లాక్‌డౌన్.

"నోట్లు బంద్ అయినప్పుడు నాకు ఐదో నెల" అని ఒక అక్క చెబితే, బిడ్డ 2017 ఎండాకాలం ముందర పుట్టినట్టే. తర్వాత ఆస్పత్రి కాగితం దొరికితే సరిచూసుకోవచ్చు. లెక్క కట్టి రాసిన తేదికి పక్కన "అందాజ" అని రాయండి. తెలిసిన తేది వేరు, అందాజ తేది వేరు. రెండూ కలిపేస్తే పుస్తకానికి విలువ ఉండదు.

ఊరు కూడా రాసుకోవాలె. ఊరు ఒకటే, కాగితం మీద మారుతది. మన బొంతపల్లి మొదట మెదక్ జిల్లా, జిన్నారం మండలం. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా వచ్చింది. గుమ్మడిదల మండలం వచ్చింది. 2014కు ముందటి కాగితాల మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటది. ఒకే ఇంట్లో అన్న సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, చెల్లె సర్టిఫికెట్ మీద ఇంకో జిల్లా ఉంటే భయపడవద్దు. ఎందుకు మారిందో ఒక వాక్యం పుస్తకంలో ఉంటే ఆఫీసులో అడిగినప్పుడు తడబడకుండా చెప్పవచ్చు.

"మా బతుకుల్లో రాసేంత ఏముంది?"

ఈ మాట ప్రతి కేంద్రంలో వినబడతది. పొద్దున లేచుడు, వండుడు, పనికి పోవుడు, మళ్లీ వండుడు. ఇందులో రాసేదేముంది అంటారు.

బెంగాల్‌లో రాససుందరీ దేవి అనే ఆమె ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట పుట్టింది. ఆడది చదివితే పాపం అనుకునే కాలం. ఆమె పుస్తకం నుంచి ఒక ఆకు, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి వంటింట్లో దాచుకుంది. ఎవరూ లేనప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి అక్షరాలు కలుపుకుంది. చదవడం నేర్చుకుంది. చాలా ఏళ్ల తర్వాత రాయడమూ నేర్చుకుంది. ఏం రాసింది? వంట, పిల్లలు, ఆకలి, భయం, సంతోషం. తన బతుకే రాసింది. బెంగాలీ భాషలో అచ్చయిన మొదటి ఆత్మకథ అదే అంటారు. రాజు రాసింది కాదు, పండితుడు రాసింది కాదు. వంటింట్లో నిలబడి నేర్చుకున్న ఒక తల్లి రాసింది.

మన దగ్గరికే వద్దాం. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో రైతాంగ సాయుధ పోరాటం జరిగింది. ఆడవాళ్లు కూడా పోరాడారు. అన్నం మోసిన వాళ్లు, చీటీలు చేరవేసిన వాళ్లు, తుపాకీ పట్టిన వాళ్లు. పుస్తకాల్లో వాళ్ల సంగతి చాలా తక్కువ. చివరికి స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం ఊరూరా తిరిగి, వాళ్ల మాటలను టేపుల్లో పట్టి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేసింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ మాటలు, మల్లు స్వరాజ్యం మాటలు అందులో ఉన్నయి. ఐలమ్మ 1985లోనే కన్ను మూసింది. ఆ అక్కలు ఇంకా ఆలస్యంగా పోయి ఉంటే ఆమె నోటి మాట దొరికేది కాదు.

మీ ఇంట్లో కూడా ఒక ముసలమ్మ ఉంది. ఆమెను అడగడానికి టేపు పట్టుకుని ఎవరూ రారు. మీరే అడగాలె.

పుస్తకం తయారు చేసుకుందాం

పెద్ద ఖర్చు అక్కరలేదు. 200 పేజీల పొడుగు నోటుపుస్తకం చాలు. పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టుకున్నా సరే. గట్టి అట్ట వేయండి. ప్రతి రెండు కాగితాలకు ఒక సన్న కాగితం పట్టీ మధ్యలో కుట్టండి. లేకపోతే వస్తువులు అతికించిన తర్వాత పుస్తకం ఉబ్బి, అట్ట మూయరాదు.

బాల్ పెన్నుతో రాయండి. జెల్ పెన్ను అందంగా ఉంటది కానీ నీళ్లు తగిలితే అలికిపోతది. రేకుల ఇండ్లలో వానకు ఎక్కడో ఒక చోట కారుతూనే ఉంటది కదా. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నేల మీద కాకుండా పైన పెట్టండి. నాలుగు ఎండిన వేపాకులు లోపల వేయండి.

అతికించడానికి మైదా లై సరిపోతది. పలుచగా పూసి బాగా ఆరనియ్యండి. మందంగా పూస్తే బూజు వస్తది, బొద్దింకలు కొరుకుతయి. ఫోటోలకు మాత్రం లై పూయవద్దు. కాగితం మీద నాలుగు మూలలకు బ్లేడుతో చిన్న గాట్లు పెట్టి, ఫోటో మూలలు వాటిలో దూర్చండి. ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఫోటో కింద పేర్లు తప్పకుండా రాయాలె. "నిలబడ్డది పెద్ద ఆడబిడ్డ, కూసున్నది నడిపి చిన్నమ్మ." ఇప్పుడు మీకు అందరూ తెలుసు. ముప్పై ఏళ్లకు ఎవరికి తెలుస్తది?

ఇంకో ముఖ్యమైన సంగతి. రేషన్ దుకాణంలో మిషన్ నుంచి వచ్చే చీటీ, ఏటీఎం చీటీ, బస్సు టికెటు నున్నగా ఉంటయి. ఆ కాగితం మీద సిరా ఉండదు. వేడితో అక్షరాలు వస్తయి. కొన్ని నెలలకే అక్షరాలు మాయమై తెల్లగా అయితది. కొందరు భద్రంగా ఉండాలని లామినేషన్ చేయిస్తరు. వేడికి అది మొత్తం నల్లబడిపోతది. కాబట్టి చీటీని అతికించి వదిలేయవద్దు. తేది, సొమ్ము, దేనికో పక్కన మీ చేత్తో రాయండి. మిషన్ రాసింది పోతది. మీరు రాసింది ఉంటది.

రోజూ రాయాలని పెట్టుకోవద్దు. నాలుగు రోజులు రాసి మానేస్తరు. వారానికి ఒకసారి, సెలవు నాడు, మూడు వాక్యాలు చాలు. ఒక పేజీ ఇట్ల ఉండవచ్చు:

"జూన్ 12. బడి తెరిచిండ్రు. చిన్నోడు ఏడ్వలేదు. చెప్పులు బిగుతైనయి. సాయంత్రం వాన వచ్చింది. ఈ ఏడు మొదటి వాన. నేను బి షిఫ్టుకు పోయిన. వచ్చేసరికి పెద్దమ్మి అన్నం వండి పెట్టింది. మొదటిసారి వండింది. కొంచెం మాడింది."

తప్పుల గురించి బాధ పడవద్దు. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా ఇంట్లోవాళ్లకు అర్థమైతది. మీరు మాట్లాడే తీరులోనే రాయండి. "వచ్చినాడు" అనే రాయాలని లేదు. "వచ్చిండు" అని రాస్తేనే అది మీ ఇంటి పుస్తకం.

కాలం కాలానికి

మన పెద్దలు ఏడాదిని కార్తెలతో లెక్క పెట్టేవారు. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కొక్కటి 13, 14 రోజులు. వ్యవసాయం ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ తెలుసు. మన దగ్గర ఇప్పుడు పొలానికి పోయేవాళ్ల కన్న ఫ్యాక్టరీకి పోయేవాళ్లు ఎక్కువ. షిఫ్టు లెక్క ఎండాకాలమైనా వానకాలమైనా ఒకటే. అందుకే కాలం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది మనకు తెలియకుండా అయితున్నది. పుస్తకంలో రాస్తే కొంచెం తెలుస్తది.

ఎండాకాలంలో తొక్కు పెడతారు. మీ అత్తమ్మ కంటి లెక్కతో పెడతది. ఆమె ఉప్పు పోసేటప్పుడు ఆపి, సోలతో కొలిచి, రాసుకోండి. ఎన్ని కాయలకు ఎంత ఉప్పు, ఎంత కారం, ఎంత నూనె. కాయ ధర కూడా రాయండి. వచ్చే ఏడు మళ్లీ రాయండి. నాలుగేళ్లు రాస్తే ధరలు ఎట్ల పెరిగినయో టీవీ చెప్పనక్కరలేదు. ఏ ఏడు తొక్కుకు బూజు పట్టిందో, ఎందుకు పట్టిందో కూడా రాయండి. బాగా కుదిరిన ఏడు కన్న కుదరని ఏడు రాస్తేనే మీ బిడ్డకు ఎక్కువ పనికొస్తది.

మిరుగం జూన్ 7, 8 తేదీలకు వస్తది. చేపలు తిన్నారా, వాన పడ్డదా, విత్తనం పెట్టినరా, ఒక్క వాక్యం.

వానకాలం జ్వరాల కాలం. ఎవరికి జ్వరం వచ్చింది, ఎన్ని రోజులు ఉంది, ఏ డాక్టరు, ఏ గోలీలు, ఎంత ఖర్చు. గోలీల పట్టీ కత్తిరించి అతికించండి. మందు పేరు ఆ పట్టీ మీద ఉంటది. ఒక మందు వేసుకుంటే ఒళ్లంతా దద్దులు వచ్చినయనుకోండి. దాని పేరు ఎర్ర పెన్నుతో పెద్దగా రాయండి. తర్వాత ఏ ఆస్పత్రికి పోయినా ఆ పేజీ చూపించండి. ఇది అన్నిటికన్న అవసరమైన పేజీ కావచ్చు.

పీర్ల పండుగ ప్రతి ఏడు పది పదకొండు రోజులు ముందుకు జరుగుతది. ఏ తేదీకి వచ్చిందో రాయండి. బోనాలకు ఎవరు బోనం ఎత్తారు, రాఖీకి అన్నదమ్ములు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. వీరభద్రస్వామి జాతరకు ఏ ఊరి నుంచి ఏ చుట్టాలు వచ్చారు. కిరాయి రూముల్లో పక్కన ఒరిస్సా వాళ్లు, బీహార్ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఉంటారు. వాళ్ల పండుగకు మీ ఇంటికి ఏం పంపారు? మన సకినాలు వాళ్ల పిల్లలకు నచ్చినయా? ఇవి కూడా రాయదగ్గ సంగతులే.

ఇక బతుకమ్మ. దీనికి నాలుగు పేజీలు విడిచిపెట్టండి. పెత్తరమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. రోజుకు ఒక వాక్యం రాస్తే తొమ్మిది వాక్యాలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆడరు. ఆ రోజు పుట్టింట్లో అమ్మతో కూసొని పాత సంగతులు అడిగి రాయండి. పూలు కూడా దాచండి. తంగేడు పువ్వును పాత పేపరు మడతలో పెట్టి బియ్యం బస్తా కింద వారం రోజులు ఉంచితే అణిగి ఎండుతది. రెక్కలు రాలుతయి కాబట్టి మెల్లగా తీయాలె. గునుగు పువ్వు ఎండినా అట్లనే ఉంటది. కానీ రంగు వేసిన గునుగు అతికించవద్దు. ఆ రంగు పక్క పేజీకి అంటుతది. రంగు వేయని తెల్ల గునుగే పెట్టండి. బంతి, గుమ్మడి పువ్వులో నీళ్లు ఎక్కువ. బూజు పడతది.

పువ్వు పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి. ఇది చిన్న సంగతి కాదు. మీ అమ్మ కాలంలో తంగేడు ఇంటి వెనుక గుట్ట మీదనే ఉండేది. ఇప్పుడు ఆ గుట్ట ప్లాట్లు అయింది, లేకుంటే కాంపౌండు గోడ వచ్చింది. నర్సాపూర్ అడవి దిక్కు పోతే గాని దొరకదు. లేకపోతే బజార్లో కొంటున్నం. ఏ ఏడు నుంచి కొంటున్నం? ఎవరూ రాసుకోలేదు. మీరు రాయండి.

చలికాలం గురించి ఎక్కువ చెప్పను. సంక్రాంతికి వేసిన ముగ్గును చుక్కల లెక్కతో సహా ఒక పేజీలో దించండి. అంతే.

పని లెక్క, నీళ్ల లెక్క

ఇంటి పుస్తకం అంటే పండుగలు, పూలు మాత్రమే కాదు. ఇల్లు నడిచేది మీ పనితో. కానీ మీ పని ఎక్కడా రాసి ఉండదు.

మన చుట్టూ బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు దాకా ఫ్యాక్టరీలే. చాలామంది అక్కలు కాంట్రాక్టరు కింద పని చేస్తున్నారు. ప్యాకింగు, ఊడ్చుడు, సీసాలు కడుగుడు, క్యాంటీను. ఎన్ని రోజులు పోయినరో కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటది. మీ దగ్గర ఉండదు. నెల చివర ఆయన 22 రోజులు అంటడు. మీకు 24 అని అనిపిస్తది. అనిపిస్తే చాలదు.

కాబట్టి పుస్తకం చివర పది పేజీలు పనికి ఇవ్వండి. ఐదు గీతలు గీయండి. తేది, ఏ షిఫ్టు, ఎన్ని గంటలు, ఎవరు పిలిచారు, ఎంత ఇచ్చారు. పని నుంచి వచ్చిన రోజే నింపండి. నెల చివర కూర్చుని ఒకేసారి నింపితే అది లెక్క కాదు, ఊహ. ఇది సర్కారు కాగితం కాదు, నిజమే. కానీ ఏ రోజుది ఆ రోజే రాసుకున్న లెక్కకు బలం ఉంటది. సాక్షి తాను అప్పుడే రాసుకున్న కాగితం చూసి యాది చేసుకోవడానికి కోర్టులో కూడా వీలుంది. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు, అదీ రాయండి. కిరాయి ఇంట్లో ఉంటే చేరిన తేది, కిరాయి, ఇచ్చిన అడ్వాన్సు కూడా.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలు, బావులు చెడిపోయినయని 1990లో సుప్రీంకోర్టుకు కేసు పోయింది. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు లాంటి వాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. ఇట్లాంటి కేసుల్లో మొదట అడిగేది ఒకటే. ఎప్పటి నుంచి? ఏ బోరు? ఎన్ని రోజులు? నీళ్లు తెచ్చేది ఆడవాళ్లు. వాసన మొదట తెలిసేది ఆడవాళ్లకు. బిందె అడుగున పసుపు పచ్చ పొర కనబడేది ఆడవాళ్లకు. అందుకే నెలకు ఒకసారి రాయండి. ఏ బోరు నీళ్లు, రంగు ఎట్ల ఉంది, వాసన ఉందా, వండిన అన్నం రంగు మారిందా, రాత్రి ఏ వేళకు గాలి ఘాటుగా వచ్చింది. కోపం రాయవద్దని కాదు. కానీ కోపం ఒక వాక్యం, తేది మాత్రం తప్పకుండా. పది ఇండ్ల పుస్తకాల్లో ఒకే తేది ఉంటే పంచాయతీలో అయినా, కాలుష్య నియంత్రణ మండలిలో అయినా దాన్ని పక్కన పెట్టడం కష్టం.

రాయలేని చోట

కొన్ని సంగతులు రాస్తే సరిపోదు. అమ్మ పాడే బతుకమ్మ పాట రాగం కాగితం మీద ఎట్ల పెడతారు? దానికి ఫోను ఉంది. మన జిల్లాలోనే, జహీరాబాద్ దిక్కు మాచునూరులో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లే దాన్ని నడిపారు. పేద రైతు కూలీ ఇండ్ల ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూసున్నరు. పాటలు, విత్తనాల సంగతులు, వంటలు, సామెతలు పట్టి వినిపించారు. అక్కడి అక్కలు వీడియో కెమెరాలు కూడా పట్టారు. అందులో చదువు రాని వాళ్లూ ఉన్నారు.

మీరు కూడా అత్తమ్మ పాట ఫోనులో పట్టండి. పట్టిన తర్వాత పుస్తకంలో రాయండి. ఏ పాట, ఎవరు పాడారు, ఏ తేది, ఎవరి ఫోనులో ఉంది. ఫోను నీళ్లలో పడొచ్చు. బిడ్డ ఫోనులోకి కూడా ఒకటి పంపండి.

ఏం రాయకూడదు? ఎక్కడ పెట్టాలె?

ఏటీఎం నంబరు, ఓటీపీ, ఆధార్ నంబరు ఇందులో రాయవద్దు. ఈ పుస్తకం పది మంది చేతుల్లో పడతది.

ఇంట్లో మందు ఖర్చు రాయాలా వద్దా అని చాలామంది అడుగుతారు. రాయాలనే నేను అంటా. నెల్లూరు జిల్లా దూబగుంట పేరు విన్నారా? 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లు కూడా మీలాగే రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చిన వాళ్లే. వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం ఉండేది. ఆ పాఠం చదివి, ఇది మన ఊరి కథే కదా అనుకున్నారు. ఆ గాలి జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా బంద్ అయింది. నెలకు మందుకు ఎంత పోతున్నదో కాగితం మీద చూస్తే మాట వేరే తీరుగా వినబడతది. అయితే ఆ లెక్క చూసి చెయ్యి లేపే మనిషి ఇంట్లో ఉంటే, ఆ పేజీ ఇంట్లో పెట్టవద్దు. సంఘం అక్క దగ్గర వేరే చిన్న పుస్తకం పెట్టుకోండి. దెబ్బలు తిని రాయాల్సినంత అవసరం ఏ పుస్తకానికీ లేదు. అట్లాంటి కష్టం ఉంటే 181 నంబరుకు ఫోను చేయండి. అది ఆడవాళ్ల సహాయానికి పెట్టిన నంబరు.

మిగతా పుస్తకం అందరిదీ. పిల్లలతో బొమ్మలు గీయించండి. పెనిమిటితో ఆయన చిన్ననాటి సంగతి ఒకటి రాయించండి. రాయడం రాని అత్తమ్మ అరచేతిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్నుతో గీయండి. కింద పేరు, తేది రాయండి. పక్కన మనవరాలి చెయ్యి గీయండి. ప్రతి దసరాకు మనవరాలి చెయ్యి మళ్లీ గీయండి.

మాట్లాడుకుందాం

మీ ఇంట్లో అందరికన్న పెద్దవాళ్లు ఎవరు? వాళ్లు పుట్టిన ఏడాది తెలుసా? ఏ గుర్తుతో తెలుసుకుంటారు?
తంగేడు పువ్వు మీ చిన్నప్పుడు ఎక్కడ కోసేవారు? ఇప్పుడు ఎక్కడ దొరుకుతున్నది?
మీ వాడలో ఒకే బోరు నీళ్లు తాగే ఇండ్లు ఎన్ని? ఆ ఇండ్లలో పుస్తకం ఎవరెవరు రాస్తారు?

రాద్దాం

ఖాళీలు నింపండి. ఇదే మీ మొదటి పేజీ.

ఇది ............................ ఇంటి పుస్తకం.
రాసింది ............................ (మీ పేరు ముందు రాయండి. ఫలానా వాళ్ల భార్య అని కాదు.)
ఊరు బొంతపల్లి. మండలం ............................ జిల్లా ............................
మొదలు పెట్టిన తేది ............................ ఇప్పుడు నడుస్తున్న కాలం ............................
ఇవ్వాళ మా ఇంట్లో వండిన కూర ............................
ఇవ్వాళ నేను చేసిన పని ............................
ఇవ్వాళ బోరు నీళ్లు ............................
మా అత్తమ్మ / అమ్మ చెప్పిన పాత సంగతి ............................
....................................................................................
వచ్చే వారం రాసే రోజు ............................